పర్లాకిమిడిలో రెండు రాత్రులు, పాతపట్నంలో రెండు టిఫిన్లు

పర్లాకిమిడి వెళ్తున్నాం అనగానే మా ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే, అక్కడ చూడ్డానికి ఏముంది అని. వెళ్ళొచ్చాక చెప్తున్నాను, చూడ్డానికి ఒక పూట సరిపోతుంది, చెవులు విప్పుకుని తిరిగితే మాత్రం రెండు రోజులు చాలవు. సంక్రాంతి హడావిడి అయిపోయిన తర్వాతి వారం నేనూ మా నాన్నా ఇద్దరమే వెళ్ళాం. నాన్నది టెక్కలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు చిన్న రైలెక్కి పర్లాకిమిడి వెళ్ళిన కథలు మాకు అన్నం తినేటప్పుడల్లా చెప్పేవారు, అందులో సగం నేను నమ్మేవాడిని కాదు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. నాలుగైదు కిలోమీటర్ల ఇవతల శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. రెండూ ఒకప్పుడు ఒకే జమీందారీ, ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఊరూ జమీందారీలో కొంత భాగమూ అటు వెళ్ళిపోయాయి, పాతపట్నం వైపు భాగం ఇటు ఉండిపోయింది. మీద గీత పడింది గానీ కింద జనం ఎక్కడి వాళ్ళు అక్కడే ఉన్నారు. బంధుత్వాలు, కొట్లు, అప్పులు అన్నీ అటూ ఇటూ కలిసే ఉన్నాయి.

విశాఖ నుంచి గుణుపూర్ పాసింజరు పొద్దున్నే ఉంటుంది, దానికే వెళ్ళాం. కార్లో అయితే హైవే మీద నరసన్నపేట దాకా వచ్చి ఎడమకి తిరిగితే పాతపట్నం మీదుగా తొందరగానే వెళ్ళిపోవచ్చు, కానీ నాన్నకి రైలే కావాలి. టికెట్ వంద లోపే. సీట్లు దొరికాయి, బాత్రూం గురించి అడగొద్దు. కోటబొమ్మాళి దాటాక నౌపడ వస్తుంది, ఉప్పుకి పేరున్న ఊరు, ఇక్కడ మెయిన్ లైన్ వదిలేసి బండి గుణుపూర్ దారి పడుతుంది. ఈ లైనుకి పెద్ద కథే ఉంది. పర్లాకిమిడి రాజావారు వేయించుకున్న లైను ఇది, పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, సుమారు 40 కిలోమీటర్లు. 1931లో గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న బండి ఆపేశారు, బ్రాడ్ గేజ్ వేసి 2011లో మళ్ళీ మొదలుపెట్టారు.

"ఈ మలుపు దగ్గర దిగి, రేగ్గాయలు కోసుకుని, మళ్ళీ పరిగెత్తి ఎక్కేసేవాళ్ళం" అని నాన్న టెంబూరు దాటాక కిటికీలోంచి చూపించారు. నేను నవ్వాను. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ, అరవై పైనే ఉంటాయి, "నవ్వుతావేటి బాబూ, మా తమ్ముడు అలాగే దిగిపోయి ఉండిపోనాడు, మర్నాటి బండికి ఇంటికొచ్చాడు" అంది. సరే, ఇక మీదట నాన్న కథలన్నీ నమ్మాల్సిందే.

పాతపట్నం స్టేషన్లో బోర్డు మీద తెలుగు అక్షరాలు. తర్వాతి స్టేషనే పర్లాకిమిడి, అక్కడ ఒడియా అక్షరాలు. మధ్యలో గేటు లేదు, చెక్కింగ్ లేదు, కిటికీలోంచి చూస్తే అవే వరి కోసేసిన మళ్ళు. నాన్న ఒడియా అక్షరాలు కొంచెం కొంచెం చదవగలరు. మన అక్షరాలకి తలకట్టు ఉన్నట్టు వాళ్ళ అక్షరాలకి పైన గొడుగు ఉంటుంది, ఆ గొడుగు తీసేసి చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది అని నాకు పాఠం మొదలుపెట్టారు. వాళ్ళ 'ఠ' అచ్చం మన సున్నాలాగే ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే. నేను మాత్రం మందుల షాపు బోర్డుని హోటలు బోర్డనుకున్నాను.

స్టేషన్ బయట ఆటో. ఒడియాలో అడగాలేమో అని నేను హిందీ కూడబలుక్కుంటుంటే ఆయనే "ఎందాక ఎల్తారు బాబూ?" అన్నాడు. దారిలో ఫోనొస్తే ఒడియాలో మాట్లాడాడు, ఎదురొచ్చిన ఇంకో ఆటోవాడిని తెలుగులో తిట్టాడు. ఇద్దరికీ అరవై రూపాయలు తీసుకున్నాడు, ఫోన్‌పేలోనే.

ఇప్పుడు బస సంగతి. పెద్ద హోటళ్ళు ఆశించి వెళ్ళొద్దు. పక్కనే సెంచూరియన్ యూనివర్సిటీ క్యాంపస్ ఉండడం వల్ల పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల కోసం ఓ మోస్తరు లాడ్జీలు వచ్చాయి, వాటి మీదే మనం కూడా బతకాలి. మేము ఒక యాప్‌లో ముందే బుక్ చేసుకున్నాం, ఏసీ రూము 1400. వెళ్ళాక రిసెప్షన్లో కుర్రాడు "ఆ బుకింగ్ మాకు రాలేదు సార్" అన్నాడు. డబ్బు కట్టేసిన మెసేజ్ చూపించాను. ఓనరుతో మాట్లాడాలి అన్నాడు, ఓనరు గారు భోజనం చేస్తున్నారు, ఓనరు గారు పడుకున్నారు, ఇలా గంటన్నర లాబీలో కూర్చోబెట్టారు. నాన్నకి కాళ్ళు వాచిపోతాయి ఎక్కువసేపు కూర్చుంటే, నాకు టెన్షన్ మొదలైంది. చివరికి నేను గొంతు పెంచబోతుంటే నాన్న లేచి, ఎప్పుడో నేర్చుకున్న ఒడియాలో ఆ కుర్రాడితో రెండు మాటలు మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు అర్థం కాలేదు, ఒక్క "ఆగ్యా" తప్ప. మనం 'అండీ' అన్నట్టు వాళ్ళు గౌరవంగా పలకాలంటే ఆగ్యా అంటారు. అయిదు నిమిషాల్లో తాళం వచ్చింది. తర్వాత అడిగితే "ఏం లేదురా, మీ ఊరు మా ఊరికి దగ్గరే బాబూ అన్నాను" అన్నారు.

రూము శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే అని ఎక్కడా రాయలేదు, మాకు ఎనిమిదింబావుకి తెలిసింది. జనవరిలో అక్కడ చలి విశాఖ చలి కాదు, కొండల పక్క ఊరు, పొద్దున్నే పొగమంచు కిటికీ దాకా వచ్చేస్తుంది. స్వెట్టర్ తీసుకెళ్ళండి. మళ్ళీ వెళ్తే యాప్ జోలికి పోను, ఒకరోజు ముందు ఫోన్ చేసి పేరు రాయించుకుని, వెళ్ళి డబ్బు కడతాను. చిన్న ఊళ్ళలో ఇప్పటికీ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

సాయంత్రం రాజావారి కోట వైపు నడిచాం. ఇండో సారసెనిక్ కట్టడం, అంటే మన పద్ధతీ దొరల పద్ధతీ కలిపి కట్టింది, మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌస్ గీసిన చిషోమ్ దొర చేతి డిజైనే ఇదీ అంటారు. మేము బయటి నుంచే చూశాం. ఎర్రటి సాయంత్రం వెలుగులో ఆ గుమ్మటాలు బావున్నాయి, కానీ నిజం చెప్పాలంటే ఇంకో పదిహేను నిమిషాలు నిలబడి చూసేంత ఓపిక నాకు లేదు. మహేంద్రతనయ నది ఒడ్డున బృందావన్ ప్యాలెస్ అని ఇంకొకటుంది. కోట నుంచి దానికి సొరంగం ఉందని ఆటోవాడు, టీ కొట్టు ఆయన, లాడ్జి కుర్రాడు ముగ్గురూ విడివిడిగా చెప్పారు, చూసినవాళ్ళు మాత్రం ముగ్గురిలో ఎవరూ లేరు. జిల్లాకి పేరొచ్చింది ఈ వంశం వల్లే. మహారాజా కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా రాష్ట్రం కోసం పట్టుబట్టిన పెద్దమనిషి, 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) కూడా ఆయనే.

ఇదే ఊళ్ళో ఇంకో మనిషి దీనికి సరిగ్గా ఎదురు పక్షం. గిడుగు రామమూర్తి పంతులుగారు. 1880లో ముప్పై రూపాయల జీతానికి రాజావారి స్కూల్లో పంతులుగా చేరారు, తర్వాత కాలేజీలో కూడా చెప్పారు. ఆ కాలేజీయే ఇప్పటి ఎస్‌కేసీజీ (శ్రీ కృష్ణచంద్ర గజపతి) కాలేజీ, 1896 నాటిది. మనం ఈరోజు పేపర్లో చదివే తెలుగు, నేనిప్పుడు రాస్తున్న తెలుగు, ఆయన పోట్లాడి తెచ్చిందే. అంతకన్నా నాకు నచ్చేది ఇంకొకటి. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష ఎవరూ పట్టించుకోని రోజుల్లో, ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకి సొంత ఖర్చుతో బడి పెట్టారు, వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వస్తే క్వినైన్ మింగి మింగి చెవుడు వచ్చింది. ఊరు ఒరిస్సాలో కలిసే రోజు తానిక్కడ ఉండనని సామాను సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి డెబ్బై మూడో ఏడు నడుస్తోంది. ఒకరు ఊరిని అటు తీసుకెళ్ళారు, ఒకరు ఊరొదిలి ఇటు వచ్చేశారు. టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే అక్కడ కూర్చున్న రిటైర్డ్ మేష్టారొకాయన, ఇంటిపేరు చూస్తే తెలుగు, చదువంతా ఒడియా మీడియం, "ఇద్దరూ మావాళ్ళే కదండీ" అని టీ ఊదుకున్నారు. దాని మీద ఇంక నేనేం అడగలేదు.

మర్నాడు పొద్దున బజారు. ఈ ట్రిప్పులో నాకు బాగా గుర్తుండిపోయేది ఇదే. కొండల మీంచి సవర ఆడవాళ్ళు పసుపు కొమ్ములు, చింతపండు, కొండ చీపుర్లు తెచ్చి రోడ్డు పక్కన గోనె పరుచుకుని కూర్చుంటారు. ఒక ముసలావిడ దగ్గర నాన్న చీపురు బేరం చేస్తున్నారు. ఆవిడ పక్కనున్న మనవరాలితో సవరలో ఏదో అంది, పక్క కొట్టాయనతో చిల్లర కోసం ఒడియాలో మాట్లాడింది, మా వైపు తిరిగి "నలబై, తక్కువ్వద్దు" అంది తెలుగులో. బడి మొహం చూసి ఉండదు. నేను కాన్వెంట్లో పన్నెండేళ్ళు చదివి రెండు భాషల్లో తడబడతాను. నాన్న నలభై ఇచ్చేసి ఇంకో మాట మాట్లాడకుండా చీపురు తీసుకున్నారు. ఆ చీపురుతో రైల్లో పడ్డ బాధ వేరే.

కొమ్ము పని గురించి తప్పకుండా చెప్పాలి. పర్లాకిమిడి దీనికి పేరు. పశువుల కొమ్ములతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు, దేవుడి బొమ్మలు చేస్తారు. షాపులో కొనొద్దు, చేసే చోటికి వెళ్ళండి, ఎవర్ని అడిగినా చెప్తారు. మేము వెళ్ళింది ఒక ఇంటి అరుగు మీదకి. గుమ్మంలోకి రాగానే వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంది, కొమ్ము కాలిస్తే అదే వాసన. సన్నగా కోసి అరగదీసిన కొమ్ము ముక్కని బొగ్గుల మీద అటూ ఇటూ తిప్పాడు, మెత్తబడిందో లేదో చివర నొక్కి చూసుకున్నాడు, గుడ్డతో పట్టుకుని మెల్లగా వంచాడు. కొంగ మెడ వచ్చింది. అలాగే పట్టుకుని చల్లారేదాకా కదలకుండా కూర్చున్నాడు, ఆ కాసేపు మాట్లాడను కూడా మాట్లాడలేదు. తర్వాత ఆకురాయి, చివర్లో గుడ్డతో రుద్దుడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నల్లటి కొమ్ములో తేనె రంగు చార కనిపించింది. జత కొంగలు 700 అన్నాడు, 600కి ఇచ్చాడు. కష్టం చూశాక బేరం ఆడినందుకు కొంచెం సిగ్గేసింది.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడిగాను. "అమ్మతో తెలుగు, ఇంటావిడిది బరంపురం, ఆవిడతో ఒడియా. పిల్లలు ఇంగ్లీషు మీడియం, ఆళ్ళు మా ఇద్దరికీ అర్థం కారు" అన్నాడు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు పెదాలు మాత్రం ఒడియాలో కదిలాయి.

తిండి విషయంలో నాన్నకీ నాకూ పడలేదు. పర్లాకిమిడిలో పొద్దున టిఫిన్ అంటే వడ, మీద బఠాణీల ఘుగునీ పోసి ఇస్తారు, ఆకు దొన్నెలో. వేడి వేడిగా నాకు చాలా నచ్చింది, రెండు సార్లు తిన్నాను. నాన్న మాత్రం "వడని కూరలో ముంచడమేంటిరా, చట్నీ ఏదీ?" అని మొహం అదోలా పెట్టారు. మధ్యాహ్నం భోజనంలో దాల్మా పెట్టారు, పప్పులో గుమ్మడి, వంకాయ, అరటికాయ అన్నీ వేసి ఉడికిస్తారు, కారం తక్కువ, తాలింపులో సోంపు మెంతులు తగులుతాయి. అన్నం ఉప్పుడు బియ్యం, గింజ లావు. పెరుగు అడిగితే ఆలోచించి తెచ్చారు, చిన్న గిన్నెలో, అది కూడా తియ్యగా. భోజనం 90 రూపాయలు, తప్పు పట్టడానికేం లేదు, మనకి అలవాటు లేదంతే. స్వీట్లలో ఛెనాపోడా ఒక్కటి వదలొద్దు. విరిగిన పాల ముద్దలో పంచదార కలిపి పైన మాడేదాకా కాలుస్తారు, ఆ మాడిన అంచే అసలు రుచి.

టిఫిన్ మీద నాన్న అలక తీర్చడానికి రెండు పూటలూ షేర్ ఆటో ఎక్కి పాతపట్నం వచ్చాం, మనిషికి ఇరవై. నవ్వకండి, ఇడ్లీ కోసం రాష్ట్రం దాటాం. దార్లో రాష్ట్రం మారిన సంగతి రోడ్డు కన్నా పెట్రోల్ బంకులు బాగా చెప్తాయి. ఒడిశాలో పెట్రోల్ మన దగ్గరకన్నా లీటరుకి అయిదారు రూపాయలకి పైనే తక్కువ, అందుకని అటు వైపు బంకులో మన ఏపీ నంబరు బళ్ళే క్యూలో. పాతపట్నం ఇడ్లీ బాగుంది, పల్లీ చట్నీ ఇంకా బాగుంది. నాన్న అక్కడ కూర్చుని "ఇదీ" అన్నారు, అంతే.

పాతపట్నంలో నీలమణి దుర్గ అమ్మవారి గుడికి వెళ్ళాం. జనంలో సగం మంది అటు వాళ్ళే. క్యూలో మా ముందు ఒక ఒడియా కుటుంబం, వెనక మెళియాపుట్టి నుంచి వచ్చిన వాళ్ళు. పూజారిగారు గోత్రం ఒక భాషలో అడిగి ఆశీర్వచనం ఇంకో భాషలో ఇచ్చేస్తున్నారు, ఎక్కడా ఆగడం లేదు. ఉండడానికి పాతపట్నమా పర్లాకిమిడా అంటే పర్లాకిమిడే నయం, రూములు కాస్త ఎక్కువ, రాత్రి కొట్లు కూడా ఎక్కువసేపు ఉంటాయి. పాతపట్నం అసలే చిన్నది, తొమ్మిదింటికల్లా సద్దుమణిగిపోతుంది.

మహేంద్రగిరి వెళ్దామనుకున్నాం, 1501 మీటర్ల కొండ, పైన కుంతి పేరుతో, భీముడి పేరుతో పాత రాతి గుళ్ళున్నాయి. జిరంగ్ దగ్గర టిబెటన్ల ఊరూ, పెద్ద బౌద్ధారామమూ కూడా ఈ జిల్లాలోనే. రెండూ నాన్న మోకాళ్ళు చూసుకుని వదిలేశాం. కుర్రాళ్ళయితే ఇంకో రోజు ఉంచుకోండి. కారు మాట్లాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త, ఏపీ టాక్సీ అయితే ఒడిశా పర్మిట్ ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. మాకు దొరికిన ఒకాయన ముందు ఒక రేటు చెప్పి, ఎక్కబోతుంటే పర్మిట్ డబ్బు వేరే అన్నాడు, వద్దనేశాం.

దాని బదులు మూడో రోజు పాతపట్నంలో కారు మాట్లాడుకుని హిరమండలం మీదుగా శ్రీముఖలింగం వచ్చాం. దారిలో గొట్టా బ్యారేజీ దగ్గర పది నిమిషాలు ఆగాం, వంశధార నీళ్ళు పలచగా ఉన్నాయి. ముఖలింగం మాత్రం ఎంత చెప్పినా తక్కువే. తూర్పు గాంగులు ఏలిన కళింగనగరం ఇదే. మధుకేశ్వరుడి గుడి ద్వారబంధాల మీద తీగల చెక్కుడు చూస్తే రాతిలో చేశారా మైనంలో చేశారా అనిపిస్తుంది. స్థలపురాణంలో కూడా సవరలే, ఇప్పచెట్టు మొదట్లో శివుడు కనపడింది వాళ్ళకే. మధుకం అంటే ఇప్పే కదా. గిడుగు పంతులుగారు పుట్టిన పర్వతాలపేట కూడా ఈ పక్కనే. గుడి శుభ్రంగా ఉంది, గైడ్ ఎవరూ లేరు, టీ కొట్టు కూడా వెతుక్కోవాలి, మంచినీళ్ళ బాటిల్ వెంట పెట్టుకోండి. పర్లాకిమిడి, ముఖలింగం కలిపి చూస్తేనే ఈ ట్రిప్పుకి నిండుదనం, ఒక్క పర్లాకిమిడి కోసమే దూరం నుంచి వస్తే మీ ఇంట్లో వాళ్ళు మిమ్మల్ని తిడతారు.

మొత్తం ఖర్చు ఇద్దరికీ కొంగలు, చీపురు కలిపి ఏడు వేలు దాటలేదు, అందులో కారుకే 2500. ఆమదాలవలసలో సాయంత్రం రైలు పట్టుకుని ఇంటికొచ్చేశాం. ఛెనాపోడా అరకిలో కట్టించుకుని తెచ్చాను, అమ్మ కోసం. రెండు రోజులు బ్యాగులో తిరిగింది కదా, విప్పేసరికి పులిసిన వాసన. కొనేవాళ్ళు బయల్దేరే రోజే కొనండి. అమ్మ దాన్ని పక్కన పెట్టి, చీపురు విప్పి చూసి, "ఇది మాత్రం మంచిది తెచ్చారు" అంది.